కాళ్లు నేలకు ఆనే బండి

మా అత్తగారు నా మోటారు సైకిల్ ఎక్కరు. నా మీద కోపం ఉండి కాదు. నా డ్రైవింగ్ మీద అనుమానం ఉండీ కాదు, ఆ అనుమానం మా ఆవిడది. అల్లుడి వెనక అత్త కూర్చుని పోవడం వాళ్ల వైపు మర్యాద కాదు, అంతే. ఆ మాటకొస్తే అల్లుడి మొహం చూసి మాట్లాడటం కూడా మర్యాద కాదు.

నాది గోదావరి జిల్లా. మా వైపు అత్తగార్లు అల్లుణ్ణి కూర్చోబెట్టి, కూరలో ఉప్పు సరిపోయిందా అని మొదలుపెట్టి జీతం ఎంత పెరిగిందనే దాకా నిలదీసి అడుగుతారు. మా ఆవిడది శంషాబాద్ వైపు కందుకూరు దగ్గర పల్లె. పెళ్లయి ఇన్నేళ్లయినా, నేను ఎదురుగా చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని అన్నం తింటున్నా, మా అత్తగారు కూతురి వైపు తిరిగే అడిగేవారు. "అల్లునికి ఇంకింత పప్పు ఎయ్యాల్నా, జర అడుగు." మా ఆవిడకు ఒళ్లు మండేది. "ఎదురుంగనే ఉన్నడు గద అమ్మా, నువ్వే అడుగరాదే!" అత్తగారు గరిటె తీసుకుని, అన్నం గిన్నెతో అన్నట్టుగా "మా ఇంట్ల గట్ల అలవాటు లేదు" అనేవారు. గరిటెడు పప్పు మాత్రం నా కంచంలో పడేది.

మామగారు పోయాక, ఉన్న పొలం కౌలుకిచ్చి, ఆవిడ శంషాబాద్‌లో మా ఇంటికి వచ్చేశారు. నేను ఎయిర్‌పోర్టులో సరుకుల విభాగంలో పనిచేస్తాను. మా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. ఇద్దరం పొద్దున్నే చెరో వైపు పోతే ఆవిడ ఇంట్లో గోడలు చూస్తూ ఎన్నాళ్లు కూర్చుంటారు? వచ్చిన కొద్ది రోజులకే దగ్గర్లోని తొండుపల్లిలో ఒకరి ఖాళీ ప్లాటు చూసుకున్నారు. ఇల్లు కట్టేదాకా కూరలు వేసుకోమని ఆ యజమాని అన్నాడట. ఇక పాలకూర, తోటకూర, నేను గోంగూర అంటే ఆవిడ పుంటికూర అనే కూర, అన్నీ మొలిచాయి. పక్క ప్లాట్లలో పశువులు మేపుకునే ఆడవాళ్లు నలుగురు స్నేహమయ్యారు. ఆవిడ మొహం మళ్లీ తేటపడింది.

చిక్కంతా వెళ్లి రావడంతోనే. షేరింగ్ ఆటోలు ఒక్కోసారి ఆగేవి కావు, ఆగినా కూర గంప చూసి ముందుకు పోయేవి. ఒక సాయంత్రం వాన. నేను డ్యూటీ నుంచి వస్తుంటే సర్వీస్ రోడ్డు మీద నెత్తిన గంపతో ఆవిడ నడుస్తూ కనిపించారు. బండి ఆపి, "ఎక్కండి అత్తయ్య గారూ, తడిసిపోతున్నారు" అన్నాను. ఆవిడ నా వైపు చూడకుండా, రోడ్డు పక్క దీపస్తంభానికి చెప్పారు. "అల్లుడు పోవాలె. నేను మెల్లగ వస్త."

అత్తగారిని వానలో వదిలేసి నేను మాత్రం ఎలా పోతాను? బండి దిగాను. ముందు గంపతో ఆవిడ, వెనక నూటయాభై కిలోల మోటారు సైకిల్ తోసుకుంటూ నేను. పోయేవాళ్లందరూ పెట్రోల్ అయిపోయిందనుకుని జాలిపడ్డారు. ఒకాయనైతే ఆగి, ముందున్న బంకు ఎంత దూరమో కూడా చెప్పాడు. ఇంటికి చేరేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

గుమ్మంలో మా ఆవిడ ఇద్దరినీ చూసి నవ్వాలో తిట్టాలో తెలియక తల్లి మీద పడింది. "గిదేం మర్యాదనే అమ్మా! ఇద్దరూ జరం తెచ్చుకునే మర్యాద!"

అత్తగారు కొంగు పిండుకుంటూ అన్నారు. "నా బండి ఉంటే గీ పరేషానే ఉండకపోవు. కాళ్లు రెండూ నేలకు ఆనుతుండె. కాళ్లు ఆనినంక ఇగ భయమేంది?"

ఆవిడకు బండి ఉండేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పాలకేంద్రానికి పాలు మోయడానికి మామగారు కొన్న చిన్న మోపెడ్ అది. ఆయన దాన్ని ఒకసారి నడిపి, కంచెలో పడి, ఇంక ముట్టుకోలేదట. అత్తగారు మా ఆవిడ భుజం దాకా వచ్చే మనిషి. సైకిల్ కూడా ఎత్తుగా ఉందని ఎక్కలేదు కానీ, ఈ బండి మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనడంతో ఒక్క పూటలో నేర్చేసుకున్నారు. రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని ఆవిడ పోతుంటే ఊరంతా చూసేదని మా ఆవిడ గొప్పగా చెప్పింది. బండి ఇంకా కందుకూరులో పశువుల కొట్టంలోనే ఉందట.

మంచం మీద పడుకున్నా నాకు అదే ధ్యాస. పాత వస్తువును బాగుచేయడమంటే నాకు పిచ్చి. మా ఇంట్లో నేను బాగుచేసిన మిక్సీ ఇప్పటికీ వెనక్కి తిరుగుతుంది, ఆ విషయం వదిలేయండి. వచ్చిన సెలవు నాడే ట్రాలీ ఆటో మాట్లాడుకుని కందుకూరు పోయాను. గడ్డి కింద బండి ఉంది. ఉన్నదంటే ఉన్నది. టైర్లు చీకిపోయాయి, సైలెన్సర్‌కు చిల్లు, ట్యాంకు నిండా తుప్పు. చిరిగిన సీటు గుంటలో ఒక కోడి గుడ్లు పెట్టే అలవాటు చేసుకుంది. దాన్ని లేపినందుకు అది మా వెంట రోడ్డు దాకా వచ్చి తిట్టింది.

ఆటోలోంచి దించుతుంటే అత్తగారు గేటు దగ్గరే నిలబడ్డారు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి, తుప్పు చేతికి అంటుకున్నా తియ్యలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "చాయ్ పెట్టమని చెప్త" అంటూ లోపలికి పోయారు. చాయ్ పెట్టేదీ ఆవిడే.

మరమ్మతు మా మెట్ల కింద, ఆదివారాలు. కింద పాత పేపర్లు పరిచి, పానాలు వరసగా పేర్చుకుని నేను కూర్చునేవాణ్ణి. కాస్త దూరంగా పీట వేసుకుని, నాకు సగం వీపు పెట్టి, పుంటికూర తెంపుతూ అత్తగారు కూర్చునేవారు. ఆ బండి గురించి ఆవిడకు తెలిసింది నాకు తెలియదు. నాతో చెప్పడానికేమో మర్యాద అడ్డం. దానికి ఆవిడే ఉపాయం కనిపెట్టారు. బండితో మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఏందే, చోక్ గుంజకుండ కిక్కు కొడితే లేస్తవా నువ్వు?"

నేను చోక్ లాగేవాణ్ణి.

"నీ ట్యాంకుల పిడికెడు కంకర, ఇంత డీజిల్ పోసి ఊపితే తుప్పంత రాలుతది గద. మరిచినవా?"

నేను లేచి, పక్కన ఇల్లు కడుతున్న చోటికి కంకర కోసం పోయేవాణ్ణి. వచ్చి నేను కూడా బండికే సమాధానం చెప్పేవాణ్ణి. "కంకర పోశాం. ఊపి ఊపి చేతులు పడిపోయాయి. తుప్పు రాలింది. ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?" పీట వైపు నుంచి కిసుక్కున నవ్వు వినిపించేది. అత్తగారు నా మాటకు నవ్వడం అదే మొదలు. పై వాటాలో కిరాయికుండే ఆయన మెట్లు దిగుతూ, ఒక బండితో ఇద్దరు పెద్దమనుషులు వంతులవారీగా మాట్లాడటం చూసి, ఏమీ అడక్కుండా వేగంగా దిగిపోయేవాడు.

ఆ ఆదివారాలు నాకు ఎంత నచ్చాయో చెప్పలేను. ఉప్పు కాగితంతో మడ్‌గార్డు రుద్దుతూ మామగారి కబుర్లు విన్నాను. పాలకేంద్రం దారిలో ఆవిడ దాటేసిన బస్సు సంగతి విన్నాను. బండి పుట్టినప్పుడు ఆకుపచ్చ రంగని విన్నాను. అన్నీ బండికి చెప్పినవే.

ఇంజన్ తిరగడం మొదలయ్యాక నాకు ఉత్సాహంతో బుర్ర కూడా తిరిగింది. సైలెన్సర్ అతికించడానికి గగన్‌పహాడ్‌లో ఒక వర్క్‌షాపుకు తీసుకుపోయాను. "అన్నా, గిది ఎవరికి?" అన్నాడు అక్కడి మెకానిక్. "మా అత్తగారికి" అన్నాను. వాడు పని ఆపి నన్ను ఎగాదిగా చూసి, "అత్తకా! గట్లయితే మంచిగ చేద్దాం" అన్నాడు. ఇక ఇద్దరం కలిసి రెచ్చిపోయాం. మా రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు తెలిసినవే. ఆవిడ నడుముకు దెబ్బ తగలకూడదని వెనక పొడుగాటి కొత్త స్ప్రింగులు వేయించాను. సీటుకు జానెడు మందం స్పాంజి పెట్టించి, పైన నల్ల రెగ్జిన్ కుట్టించాను. దాని మీద కూర్చుంటే పరుపు మీద కూర్చున్నట్టే ఉంది. లేత వరినారు రంగు ఆకుపచ్చ పెయింట్ కొట్టించాను. కాగితాలన్నీ కొత్తవి చేయించి, ఒక హెల్మెట్ కూడా కొని తెచ్చాను.

ఇంటి ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. అత్తగారు బండి చుట్టూ తిరిగారు. సీటును చేత్తో నొక్కి చూశారు. ఒక క్షణం ఆగి, "మస్తుగున్నవ్. అల్లుడు పాణం పెట్టిండు నీ మీద" అన్నారు బండితో. నేను ఆ రాత్రి భోజనంలో మామూలు కంటే ఎక్కువ తిన్నాను.

మర్నాటి నుంచి కొంగు మీద హెల్మెట్ పెట్టుకుని, ముందు గంప కట్టుకుని, ఆవిడ తొండుపల్లి పోయి రావడం మొదలైంది. ఆటోల కోసం చూపుల్లేవు. వెళ్లాలనిపించినప్పుడు వెళ్లడం, రావాలనిపించినప్పుడు రావడం. పొద్దున్నే వంటింట్లోంచి కూనిరాగం వినిపించేది. దారిలో ఎవరో ఒకరికి కూర కట్ట ఇచ్చి, వాళ్ల ఇంటి కబురు మోసుకొచ్చేవారు.

అదే రోజుల్లో మా గేటు పక్కన, నేలకు పరిచే మందపాటి షాబాద్ బండ ఒకటి వెలిసింది. బట్టలు ఉతకడానికి కాదు, కూర్చోవడానికీ కాదు, మనిషి కాలికి తగలడానికే అన్నట్టు సరిగ్గా దారిలో ఉంది. నాకు తగిలింది. బొటనవేలు పట్టుకుని గెంతి, పక్కింటి కట్టుబడి మేస్త్రి పనేనని నిర్ణయించుకుని, బండను ఎత్తి వాళ్ల ఇసుక మీద పడేశాను. తెల్లారేసరికి మళ్లీ గేటు దగ్గరే ఉంది. మేస్త్రితో గొడవ పడ్డాను. "నాకేం తెల్వది సార్, బండ మీదే అనుకున్న" అన్నాడు. మళ్లీ పడేశాను, మళ్లీ వచ్చింది. చివరికి నేనే పక్కకు జరిగి నడవడం అలవాటు చేసుకున్నాను. వీధి మొదట్లో కిరాణా కొట్టు ముందు కూడా అలాంటిదే ఒకటి పడి ఉంటే, ఈ కాలనీలో ఎవరికీ శుభ్రత లేదని మా ఆవిడకు ఉపన్యాసం ఇచ్చాను.

ఒక సాయంత్రం తొండుపల్లి నుంచి ఫోను. అత్తగారి స్నేహితురాలు. మలుపులో ఒక నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తే ఆవిడ బ్రేకు వేశారట, బండి ఆగిందట, ఆగిన బండి పక్కకు ఒరిగి ఆవిడ కింద పడ్డారట. మేం పరుగెత్తుకు పోయాం. అదృష్టం, బురదలో పడ్డారు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆవిడ బురదలో కూర్చుని తోటకూర కట్టలు ఏరుకుంటున్నారు. దవాఖానలో కట్టు కట్టించి తీసుకొచ్చాం.

మా ఆవిడకు భయం కోపంగా మారింది. "ఇగ బండి బంద్. ఆటోల పోతే పో, లేకుంటే ఇంట్ల ఉండు." తాళం చెవి తీసుకుని బీరువాలో పెట్టేసింది. అత్తగారు ఎదురు చెప్పలేదు. చెబితే బాగుండేది. మర్నాడు కూనిరాగం లేదు. సాయంత్రం చూస్తే పీట మీద కూర్చుని, బజార్లో కొన్న పాలకూర తెంపుతున్నారు. ఇంతా చేసి ఆవిడను మళ్లీ గోడల మధ్యకే తెచ్చానా అనిపించింది.

ఆదివారం బురద కడుగుదామని బండిని గేటు దగ్గరికి తోసుకొచ్చాను. బ్రేకులు చూశాను, బాగానే ఉన్నాయి. చెయిన్ బాగుంది, టైర్లు కొత్తవి. మరి ఆగిన బండి ఎందుకు ఒరగాలి? స్టాండు వేసేసరికి నా శత్రువు, ఆ షాబాద్ బండ, సరిగ్గా బండికి ఎడమ పక్కన ఉంది. దాని మీద ఎండిన మట్టితో చెప్పుల అచ్చు పడి కనిపిస్తోంది. చిన్న పాదం. నేను సీటు వైపు చూశాను, బండ వైపు చూశాను. కిరాణా కొట్టు ముందు బండ గుర్తొచ్చింది. అనుమానం తీరక తొండుపల్లి పోయి చూశాను. ప్లాటు ముందు కూడా ఒకటి ఉంది.

ఆవిడ పాదాలు నేలకు ఆనడం లేదు. పొడుగాటి స్ప్రింగులు, జానెడు స్పాంజి వేసి, ఆ బండిలో ఆవిడకు కావలసిన ఒకే ఒక్క గుణాన్ని నేనే తీసేశాను. అల్లుడు మనసుపడి చేయించిన సీటు ఎత్తైందని ఆవిడ ఎలా చెబుతారు? కూతురికి చెబితే అది నాకు చేరుతుంది. అందుకని నోరు మూసుకుని, తను ఆగే చోటల్లా ఒక బండ వేసుకున్నారు. ట్యాంకర్ వెనక్కి వచ్చిన మలుపులో మాత్రం బండ లేదు.

మా ఆవిడకు చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

అటక మీద దాచిన పాత స్ప్రింగులు తీసి బిగించాను. సీటు కుట్టు విప్పాను. ఇక స్పాంజి ఎంత కోయాలో ఆవిడ కూర్చుంటే తప్ప తెలియదు. నేను గొంతు పెంచి బండితో అన్నాను. "ఎవరైనా వచ్చి కూర్చుని చెబితే, అంత మేరకు కోస్తాను. చెప్పకపోతే నాకు తెలియదు. నేను పొడుగు మనిషిని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి గాజుల చప్పుడు బండి దగ్గరికి వచ్చింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఇంకింత తియ్యాలె" అన్నారు ఆవిడ, బండితో.

ఆవిడ దిగారు, నేను కోశాను, ఆవిడ కూర్చున్నారు, నేను గోడ చూశాను.

"ఇంకింత."

మళ్లీ కోశాను.

"ఇగ చాలు."

ఆగలేక తిరిగి చూశాను. మడమలతో సహా రెండు పాదాలూ నేల మీద పరుచుకుని ఉన్నాయి. ఆవిడ వాటినే చూసుకుంటున్నారు.

"ముందే చెప్పొచ్చు కదా" అన్నాను బండితో.

"అల్లుడు ఇష్టంతోని కుట్టిచ్చిండు. తక్కువ చెయ్యుమంటే చిన్నబోడా?" అన్నారు ఆవిడ, బండితోనే.

మా ఆవిడ బీరువా తీసి, తాళం చెవి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. మర్నాడు గేటు దగ్గర బండ మాయమైంది. అలవాటు కొద్దీ నేను పక్కకు జరిగే నడిచాను.

ఆ తర్వాత చాలా రోజులకు, మళ్లీ ఒక వాన సాయంత్రం, నా మోటారు సైకిల్ టైరు సర్వీస్ రోడ్డు మీద పంక్చరయింది. ట్యూబు మార్చాలి, పొద్దున రమ్మన్నాడు పంక్చర్ షాపతను. బండి అక్కడే వదిలి ఆటో కోసం నిలబడితే ఒక్కటీ ఆగలేదు. లంచ్ బాక్సు నెత్తిన పెట్టుకుని నడక మొదలుపెట్టాను. వెనక నుంచి టుకుటుకుమంటూ తెలిసిన చప్పుడు. ఆకుపచ్చ బండి, కొంగు మీద హెల్మెట్, ముందు కూర గంప. నా పక్కకు వచ్చి ఆగింది. నీటి గుంటలో ఆవిడ రెండు పాదాలూ గట్టిగా ఆనాయి.

ఆవిడ దీపస్తంభం వైపు చూడలేదు. బండి వైపు చూడలేదు. నా మొహంలోకి చూశారు.

"ఎక్కు బిడ్డా."

ఇంకెవరితోనో అన్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"మర్యాద... మీ ఇంట్లో అలవాటు లేదు కదా" అని నసిగాను.

"అత్త అల్లుని ఎనక కూసోవద్దన్నరు. అల్లుడు అత్త ఎనక కూసోవద్దని ఎవ్వలన్నరు? ఎక్కు, తడుస్తున్నవ్."

ఎక్కాను. ఒళ్లో గంప పెట్టారు. బండి మూలిగి, సర్దుకుని, కదిలింది. పుంటికూర వాసన, పెట్రోల్ వాసన, వాన వాసన. ఏమైనా మాట్లాడాలని ఉంది కానీ ఇన్నేళ్లూ మధ్యవర్తులతో మాట్లాడిన నోటికి ఏమీ తోచలేదు. కిరాణా కొట్టు దాటుతుండగా ఆవిడే మెడ తిప్పి గట్టిగా అరిచారు.

"కాళ్లు లేపు బిడ్డా! నీయి నేలకు రాస్తున్నయి!"